చూరు కింది గూడు

తమ్ముడు ఇసాకుకు,

వీధి సంఘం పెద్ద హోదాలో నువ్వు పంపిన హుకుం అందింది. నా నూడుల్స్ కొట్టు చూరు కింది వానకోయిల గూడు పడగొట్టాలట, అందులో నెత్తురు తాగే పురుగులున్నాయట.

ఉన్నాయి. అయినా పడగొట్టను. ఎవరి మీదా రెట్ట పడకుండా గూటి కింద చెక్కపలక కట్టాను. తినడానికి వచ్చేవాళ్లు అది తగలకుండా తల వంచుకునే వస్తున్నారు.

నీ చూరు కింది గూడు నువ్వే కర్రతో పొడిచి పడేశావు. పిట్టలు పోయాక ఆకలికి ఆగలేక ఆ పురుగులు నీ పరుపులోకి చేరాయి. నా పురుగులకు ఇంకా పిట్టలున్నాయి.

నీ భార్య సుజు నా దగ్గరే పడుకుంటోంది. "పురుగులన్నా పోవాలి వదినా, ఆయనకు బుద్ధన్నా రావాలి, అప్పుడే ఇంటికెళ్తా" అంటోంది.

గోక్కోలేక చస్తుంటే నువ్వూ రా. ఆ పలక కిందనుంచే, తల వంచుకుని.

అక్క