మా చావడి రేడియో చరిత్ర

రేడియోల ఇన్‌స్పెక్టరు గారికి,

చావడి రేడియోను ఎవరూ వినడం లేదని, దాన్ని ప్రెసిడెంటు ఇంటికి మారుస్తామని మీరు పంపిన కాగితం చదివాను. దాని చరిత్ర మీకెవరూ చెప్పినట్టు లేదు.

మూడేళ్లుగా సాయంత్రమైతే వార్తలకూ, పంటల కబుర్లకూ, పాటలకూ చావడి నిండేది. ప్రెసిడెంటు బసవన్న మాత్రం ఒక్కనాడూ రాలేదు. వస్తే కూలివాళ్ల పక్కన చాప మీద కూర్చోవాలి. మీరు తనిఖీకి వచ్చింది కోసిగి చుట్టుపక్కల పల్లెలన్నీ సుగ్గికని కూలిపనులకు వలసపోయిన నెలలో. "ఈ జనానికి ఇనే తెలివి యాడుందప్పా" అని ఆయన మీతో అంటుంటే నేను అక్కడే ఉన్నాను.

మూట నెత్తికెత్తుకుని బయలుదేరుతూ మా వీధి తిప్పమ్మ నాతో అన్నది: "రేడియో పెట్టెను సూస్తా ఉండు తాతా. ఎవురూ లేరని ఎత్తుకపోతారు." అంత అన్యాయం ఎవరు చేస్తారని కసురుకున్నాను. నేను చదివిన చరిత్రల్లో కూడా, కూటికి ఊరు దాటినవాళ్లను లేనివాళ్లుగానే రాశారు.

ఉగాదికి అందరూ తిరిగొస్తారు. అప్పుడు వచ్చి చూడండి. అంతదాకా రేడియో చావడిలోనే ఉండనివ్వండి. రోజూ నేనొక్కణ్ణే కూర్చుని వింటాను, ఆ పాటలు నాకు నచ్చకపోయినా.

చావడి నుంచి,
ఒక ముసలివాడు