కార్బైన్ బేరం, కిర్రుమనని మెట్టు

సీడర్ రిడ్జ్ రోడ్డు,
అక్టోబరు 3

హార్లన్ స్టకీకి, ఓరెన్ ప్రూయిట్ భార్య ఇడెల్లా రాస్తున్నది.

మోకాళ్ళ సంగతి పక్కన పెడితే నేను క్షేమం. నువ్వూ, నీ తుపాకుల కొట్టూ క్షేమమే అనుకుంటాను. ఫోను చేద్దామనుకున్నాను గానీ, నలభై ఏళ్ళుగా తుపాకుల మోతలో పనిచేసిన నీ చెవులకు వినపడాలంటే లోయంతా వినపడేలా అరవాలి. ఇది లోయంతా వినవలసిన సంగతి కాదు.

ఓరెన్ పోయి ఏడాదిన్నర అయింది కదా. టల్సాలో ఉన్న మా అక్క మాడీన్ "ఆ కొండ మీద ఒక్కదానివీ ఏం చేస్తావే, వచ్చి నా ఫ్లాట్‌లో ఉండు" అని ప్రాణం తీస్తోంది. నవంబరు చివర్లో థాంక్స్‌గివింగ్ పండుగకి వచ్చి సామాను సర్దించి మరీ తీసుకుపోతుందట. ఆమె ఫ్లాట్‌లో కిటికీ తెరిస్తే ఎదుటివాళ్ళ కిటికీ కనిపిస్తుంది. నాకు ఈ ఇల్లు వదలడం ఇష్టం లేదు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. నన్ను నేను కాపాడుకోగలనని ఆలోగా చూపిస్తే ఆ మాట ఇక ఎత్తదు.

ఓరెన్ బాతుల వేట తుపాకి ఒక్కసారి పేలిస్తే భుజం వారం రోజులు నీలంగా ఉంది. అతని తొమ్మిది మిల్లీమీటర్ల పిస్తోలు పట్టుకుంటే చేతులు వణికి, డబ్బాకు గురిపెడితే పెరటి కొట్టాం గోడకు తగిలింది. పిస్తోలు తూటాలే వేసుకునే పొట్టి రైఫిల్ ఉంటుందట, కార్బైన్ అంటారట. అందులో నాకు ఏది సరిపోతుందో చెప్పు.

ఇట్లు,
ఇడెల్లా ప్రూయిట్

తా.క. గులాబీ రంగుది మాత్రం చూపించకు. గతంలో ఓసారి చూపించావు. పక్కన ఓరెన్ ఉన్నాడని ఊరుకున్నాను.

*

స్టకీ తుపాకుల కొట్టు,
అక్టోబరు 7

గౌరవనీయులైన ఇడెల్లా గారికి,

మీ ఉత్తరం అందింది. చాలా సంతోషం. కొట్టుకు వచ్చే మగాళ్ళలో నూటికి తొంభైమంది పెద్ద చప్పుడు చేసేది కావాలంటారు. తనకు సరిపోయేది కావాలని అడిగినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

మీకు కార్బైనే సరి. పిస్తోలు గాలిలో రెండు చేతుల మీదే నిలబడాలి. ఇది భుజానికీ, చెంపకూ కూడా ఆనుతుంది కనుక వణుకు తగ్గుతుంది. నా దగ్గర మూడు రకాలున్నాయి. ఒకటి నడుం దగ్గర రెండుగా మడతపడుతుంది. తేలికే గానీ చెంపకు గట్టిగా తగులుతుంది. రెండోది చవక. లోపలి ఇనుప దిమ్మ బరువు వల్ల చిన్న తూటాకు కూడా అనుకున్నదానికన్నా ఎక్కువ తంతుంది. మూడోది మెత్తగా తన్నుతుంది, బరువు ఆరు పౌండ్లు. పైగా ఓరెన్ పిస్తోలు తూటాల మ్యాగజైనే దీనికీ పడుతుంది. ఆ పిస్తోలు అమ్మినవాణ్ణి నేనే కనుక ఒట్టేసి చెప్పగలను. నా మాట వింటే మూడోది తీసుకోండి.

కొస విచ్చుకునే తూటాలు వాడండి, గోడలు దాటి పోవడం కొంత తగ్గుతుంది. తుపాకికి దీపం బిగించి ఇస్తాను. ఎదుట ఉన్నది ఎవరో తెలియకుండా కాల్చకూడదు. సాధన చేసేటప్పుడు చెవులు మూసుకోండి. లేకపోతే నాలాగే అవుతారు.

ఒక్క మాట. ఇంతకీ మిమ్మల్ని భయపెట్టినదేమైనా జరిగిందా? ఏ తుపాకి కావాలో అందరూ చెబుతారు గానీ, ఎందుకో చెప్పరు.

మీ విధేయుడు,
హార్లన్ స్టకీ

తా.క. ఆ గులాబీది ఇంకా కొట్లోనే ఉంది. తొమ్మిదేళ్ళయింది. దాన్ని చూస్తే ఇప్పుడు నాకే జాలేస్తోంది.

*

సీడర్ రిడ్జ్ రోడ్డు,
అక్టోబరు 11

హార్లన్‌కు,

అడిగావు కనుక చెబుతున్నాను. మాడీన్‌కు కూడా ఇంకా చెప్పలేదు. ఎవడో మా ఇంటి మీద కన్నేశాడు.

నేను మంగళవారం, శుక్రవారం చర్చికి బొంతలు కుట్టడానికి వెళ్తాను. పదికి పోయి ఒంటిగంటకు వస్తాను. వాడు సరిగ్గా అప్పుడే వస్తున్నాడు. మొదట పెరటి గేటు బందులకు నూనె పోశాడు. ఇరవై ఏళ్ళుగా లేగదూడలా అరిచిన గేటు ఇప్పుడు నోరు మెదపడం లేదు. తర్వాత నా పడకగది కిటికీ ముందున్న లైలాక్ పొద కత్తిరించాడు, లోపలికి చూడటానికి. మొన్న శుక్రవారం వీధి మెట్టు పలక బిగించాడు. ఆ మెట్టు కిర్రుమనకుండా మా ఇంట్లోకి ఎవరూ వచ్చి ఎరుగరు. ఇప్పుడు పిల్లిలా ఎక్కిరావచ్చు. చప్పుడు కాకుండా రావడానికి దారంతా చక్కబెట్టుకుంటున్నాడన్నమాట!

మా కుక్క కర్నల్ సంగతి చెప్పుకుంటే సిగ్గుచేటు. మొరగడం మానేసి నాలుగు పౌండ్లు పెరిగాడు. నోరు తెరిస్తే సాసేజ్ వాసన. షెరీఫ్‌తో చెబుదామంటే, "మా గేటుకు ఎవరో నూనె పోశారు బాబూ" అని ఏ మొహంతో చెప్పను?

మూడో కార్బైన్ నాకు తీసిపెట్టు. నిజం చెబుతున్నాను హార్లన్, భయంగా ఉంది. టల్సా పోవలసి వస్తుందేమోనన్న భయం అంతకన్నా ఎక్కువగా ఉంది.

ఇడెల్లా

తా.క. మెట్టుకు ఆరు స్క్రూలు కొట్టాడు. ఆరింటి తలల మీది గీతలూ ఒకే వైపు తిరిగి ఉన్నాయి, కవాతులో సిపాయిల్లా. ఎంత తీరిగ్గా కూర్చుని చేశాడో చూడు!

*

స్టకీ తుపాకుల కొట్టు,
అక్టోబరు 14

గౌరవనీయులైన ఇడెల్లా గారికి,

మీ ఉత్తరం నిలబడి మొదలుపెట్టి, కూర్చుని పూర్తిచేశాను.

మూడో రకం కార్బైన్ అయిపోయింది. మళ్ళీ ఎప్పుడొస్తుందో చెప్పలేను. మొదటిది మడతపెట్టేటప్పుడు వేళ్ళు నలుగుతాయి. రెండోది తంతుందని ముందే చెప్పాను. తీరిగ్గా ఆలోచిస్తే మీకు కార్బైన్ అవసరమే లేదనిపిస్తోంది. గుమ్మం పైన మంచి బల్బు, తలుపుకు గట్టి తాళం చాలు. మిమ్మల్ని భయపెట్టాలని ఎవరూ అనుకుని ఉండరు.

ఇంకో సంగతి ఆలోచించండి. దొంగకు దాక్కోవడానికి పొద కావాలి కదా, కత్తిరించుకుంటాడా? మెట్టు వదులైపోయి ఉండవచ్చు. మీరు కాలు జారి పడితే ఆ కొండ మీద ఎవరు చూస్తారు? ఊరికే అంటున్నాను.

మీ విధేయుడు,
హార్లన్ స్టకీ

తా.క. స్క్రూ గీతలు ఒకే వైపు ఉండటంలో వింతేముంది? మనిషన్నవాడు స్క్రూ బిగించేది అలాగే కదా.

*

సీడర్ రిడ్జ్ రోడ్డు,
అక్టోబరు 18

హార్లన్ స్టకీ గారికి,

వారం కింద మెత్తగా తన్నిన కార్బైన్ ఇంతలోనే మాయమైందా? తిన్నగా "నువ్వు ముసలిదానివి, నీకు తుపాకి ఎందుకు" అని ఉంటే సరిపోయేది. ఒక కాగితం మిగిలేది.

పాదిరి గారి భార్య విల్లోడీన్ దగ్గర అచ్చంగా నువ్వు చెప్పిన మూడో రకమే ఉంది. నిన్న కంకర గోతుల దగ్గరికి తీసుకెళ్ళింది. ఇరవై అయిదు అడుగుల దూరాన కాగితప్పళ్ళెం పెట్టి ఇరవై తూటాలు కాల్చాను. పదిహేడు తగిలాయి. మిగతా మూడూ ఎండ కళ్ళలో కొట్టి పోయాయి. భుజానికి ఏమీ కాలేదు.

మాడీన్‌తో కూడా చెప్పేశాను. థాంక్స్‌గివింగ్ దాకా ఆగేది లేదు, వచ్చే నెల మొదట్లోనే ట్రక్కుతో వస్తానంటోంది. కనుక నాకు వ్యవధి లేదు. వచ్చే మంగళవారం బొంతలకు పోవడం లేదు. కారు విల్లోడీన్ ఇంట్లో పెట్టి, వంటింటి తెర వెనక కూర్చుంటాను. కార్బైన్ ఆమే ఇస్తానంది.

ఇడెల్లా ప్రూయిట్

తా.క. బురదలో వాడి బూటు జాడ కొలిచాను. పదకొండో నంబరు, ఎడమ మడమ అరిగింది. కొట్టుకు వచ్చేవాళ్ళ కాళ్ళ వంక ఒక కన్నేసి ఉంచు.

*

స్టకీ తుపాకుల కొట్టు,
అక్టోబరు 21

ఇడెల్లా గారికి,

దయచేసి మంగళవారం బొంతలకు వెళ్ళండి.

వెళ్ళనంటే, నేను చెప్పేది జాగ్రత్తగా వినండి. ఎవరైనా వచ్చినంత మాత్రాన కార్బైన్ ఎత్తకండి. తలుపు గడియ వేసుకుని లోపలే ఉండి షెరీఫ్‌కు ఫోన్ చేయండి. ట్రిగ్గర్ మీద వేలు అసలు పెట్టకండి. మొహం చూడండి, చేతుల్లో ఏముందో చూడండి. ఎవరది అని అడగండి. పలకకపోతే మళ్ళీ అడగండి, బాగా గట్టిగా. ఆ వయసు వాళ్ళలో చాలామందికి సరిగా వినపడదు.

మంగళవారం సాయంత్రానికి వాన అంటున్నారు. చూరు కాలువ సగం విప్పి ఉన్న ఇంటికి వాన మంచిది కాదు, గోడ దిగిపోతుంది. మనిషన్నవాడు మొదలుపెట్టిన పని మధ్యలో వదలకూడదు కదా. అంతకన్నా ఏమీ రాయలేను.

హార్లన్

తా.క. వచ్చినవాడు, పొరపాటున ఎవరూ కాల్చకుండా వేసుకునే నారింజ రంగు వేటచొక్కా, టోపీ వేసుకుని ఉంటే తప్పకుండా మంచివాడే అయి ఉంటాడు.

*

సీడర్ రిడ్జ్ రోడ్డు,
అక్టోబరు 25, మంగళవారం

హార్లన్‌కు,

వచ్చాడు. చొక్కా నారింజ, టోపీ నారింజ, పైగా మెడలో నారింజ గుడ్డ. లోయ అవతల ఉన్న వేటగాళ్ళకు కూడా కనిపించి ఉంటాడు. వంటింటి కిటికీ వైపు తిరిగి రెండు చేతులూ పైకెత్తి ఒక నిమిషం నిలబడి, ఆ తర్వాత నిచ్చెన ఎక్కాడు. చూరు కాలువ బిగించి, కర్నల్‌కు సాసేజ్ పెట్టి పోయాడు. నా దగ్గర ఉన్నది కార్బైన్ కాదు, కాఫీ కప్పు. నవ్వు ఆపుకోలేక సగం ఒలకబోసుకున్నాను.

చూరు కాలువ సంగతి నేను నీకు ఏ ఉత్తరంలోనూ రాయలేదు హార్లన్. కానీ అంతకుముందే నువ్వు దొరికిపోయావు. స్క్రూలు అలాగే బిగిస్తారని రాశావు చూడు, అది చదివి ఓరెన్ బాతుల తుపాకి తీసి చూశాను. నువ్వు బాగుచేసిచ్చిందే. నాలుగు స్క్రూల గీతలూ గొట్టం వైపే చూస్తున్నాయి. లోకంలో మనుషులు స్క్రూ బిగుసుకుంటే చాలనుకుంటారు నాయనా. గీతల వరస చూసేది మీ తుపాకి పనివాళ్ళే. మొదటి రెండు ఉత్తరాల్లో నా భయం నిజం. ఆ తర్వాత దొంగ గురించి రాసిందంతా నిన్ను ఏడిపించడానికే.

ఆసుపత్రిలో ఓరెన్ నిన్ను దగ్గరికి పిలిచి రహస్యం చెప్పాడు, గుర్తుందా? నీకు రహస్యం చెప్పాలంటే అరవాలి కదా. "ఇడెల్లాను చూసుకోరా, దానికి మాత్రం తెలియనివ్వకు, ఒప్పుకోదు" అన్నాడు. బయట వరండాలో ఉన్న నాకూ వినపడింది, ఇద్దరు నర్సులకూ వినపడింది. ఆ తర్వాత ఏడాదిన్నర నువ్వు మా గడప తొక్కలేదు. మాట మరిచిపోయావని నీ మీద చెప్పలేనంత కోపం పెట్టుకున్నాను. ఆ కోపం తప్పు. క్షమించు.

మాడీన్‌తో చెప్పేశాను, ట్రక్కు వద్దని. కావాలంటే పండుగ విందుకు రమ్మన్నాను. పదిహేడు తూటాల పళ్ళెం పోస్టులో పంపాను. దాన్ని చూశాక టల్సా మాట ఇక ఎత్తనని ఒప్పుకుంది. మూడో రకం కార్బైన్ నీ కొట్లో ఉందని నాకు తెలుసు, విల్లోడీన్ చూసి వచ్చింది. అది నాకు కావాలి. నువ్వు మంచివాడివైనంత మాత్రాన వచ్చేవాళ్ళందరూ మంచివాళ్ళు కారు. శుక్రవారం తీసుకురా. వీధి గేటు నుంచి, మామూలు చొక్కాతో, నేను ఇంట్లో ఉన్నప్పుడు రా. బీన్సూ మొక్కజొన్న రొట్టే చేస్తాను.

స్క్రూడ్రైవరు కూడా తెచ్చుకో. ఆ మెట్టు కిర్రుమంటే ఓరెన్ వచ్చాడని ముప్ఫై ఎనిమిదేళ్ళు తెలుసుకున్నాను. నువ్వు బిగించిన రోజు ఇల్లు ఒక్కసారిగా మూగబోయింది, ఏడ్చాను. మెట్టు కదలకుండా అయిదు స్క్రూలు అలాగే ఉంచి, ఆరోది కాస్త వదులు చెయ్యి. గీత వంకరగా ఉంటే ఉండనీ.

ఇట్లు,
ఇడెల్లా

తా.క. అది ఎప్పుడూ కిర్రుమనేదని నీకు తెలిసి ఉండదు, ఎలా తెలుస్తుందిలే. శుక్రవారం నువ్వు ఎక్కేటప్పుడు నేను గుమ్మంలోనే ఉంటాను. మోగిందో లేదో నేను చెబుతాను.