ఒకే క్షణంలో లేచిన పెట్టెలు

అనంతపురం, జూన్ 9

కరెంటు స్తంభాల మీదే పొద్దంతా గడిపే మా జయరాం అన్నకు,

ఫోన్‌లో చెబితే మధ్యలో అడ్డం వస్తావని రాస్తున్నాను. ఊళ్లలోని ఆరోగ్య కేంద్రాలకు మా కంపెనీ చిన్న కంప్యూటర్లు ఇచ్చింది కదా. టీబీ, హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల పేర్లు వేరేవాళ్లు చదవలేకుండా దాచే సాఫ్ట్‌వేర్ వాటిలో ఉంది. రాసింది నేనే. ఏ కంప్యూటర్ తాళంచెవి దానికే ఉండాలి. అది మొదటిసారి ఆన్ అయిన క్షణాన్ని బట్టి తాళంచెవి తయారయ్యేట్టు పెట్టాను. రెండు కంప్యూటర్లు ఒకే క్షణంలో ఎందుకు లేస్తాయిలే అనుకున్నాను, లైన్‌మన్ చెల్లెలినై ఉండి కూడా.

పామిడి దగ్గరి ఊళ్లో ఆంజినమ్మ అని నర్సు ఉంది. ఆఫీసుకు చేర్చమని పక్క ఊరి నర్సు ఇచ్చిన, వాళ్ల రోగుల పేర్లున్న పెన్‌డ్రైవును తనదనుకుని తన కంప్యూటరుకు పెట్టింది. తెరుచుకోకూడనిది తెరుచుకుంది. మూసేసి, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి మా ఆఫీసుకు వచ్చింది. వాచ్‌మన్ వెనక్కి పంపితే మరుసటి రోజు మళ్లీ వచ్చింది. కారణం కూడా ఆమే కనిపెట్టింది.

“మోటారు స్టార్టరు ఆటోలో పెట్టి పోతాము సూడు, అట్లే ఈ కంప్యూటర్లు వచ్చిన దినము కరెంటు లేకుంటే స్విచ్చేసి పోయింటిమి పాపా, ఇద్దరమూ. తొమ్మిదికి రెండూర్లకూ లైనొచ్చినాది. రెండూ ఒగేసారి లేచినాయి.”

నేను రెండేళ్లుగా చూడనిది అది.

మా ఓనరు శ్రీరంగప్ప సార్, తప్పు సరిచేసే ప్యాచ్ చప్పుడు లేకుండా పంపేయమన్నాడు. సరేనన్నాను. ఆంజినమ్మ కుర్చీలోంచి లేవలేదు.

“కొత్తది పంపుతారు, సరే. పాత పెన్‌డ్రైవులు యాడాడ ఉండాయో? అవి పాత బీగానికే తెరుచుకుంటాయి కదా?”

ఒప్పుకుంటే నా ఉద్యోగం పోవచ్చు. ఒప్పుకోకపోతే అవి వెనక్కి రావు. రేపు జిల్లా ఆరోగ్య ఆఫీసుకు నా పేరుతోనే రాసిస్తాను.

నీ చెల్లెలు
హేమలత

అనంతపురం, జూలై 2

అన్నా,

రాసిచ్చాను. ఓనరు వారం రోజులు నన్ను తన గదిలోకి రానివ్వలేదు. తర్వాత ఊళ్లు తిరగడానికి జీపు ఇచ్చాడు. పెన్‌డ్రైవులన్నీ తెప్పించి చెరిపేశాం. ఇప్పుడు మౌసును ఇష్టమొచ్చినట్టు గీకితే ఆ గీతల నుంచి తాళంచెవి పుడుతుంది. నర్సులకు నేర్పిస్తుంటే ఆంజినమ్మ లేచి, “ముగ్గులు మాత్రం ఏయొద్దండి. ఈ పక్కంతా ఒగటే ముగ్గు,” అంది. అందరూ నవ్వారు. నేను మాత్రం ఆ మాటను సాఫ్ట్‌వేర్‌లోనే రాసిపెట్టాను.

సాయంత్రం పామిడి బస్టాండులో ఆంజినమ్మతో టీ తాగుతూ, పేర్లు చదవకముందే మూసేశారు, మంచిదైందన్నాను.

“ఒగటి కండ్లబడినాది. మా ఇంట్లో మనిషిదే. నాకు తెలీకూడదనే పక్కూర్లో రాయించుకున్నాడు.”

ఇంట్లో అడిగారా అన్నాను.

“వాడు చెప్పేదాకా నాకు తెల్దు,” అని గ్లాసు ఇచ్చేసి బస్సెక్కింది.

ఆమె అంత దాచగలిగింది. నేను నీకు రాయకుండా ఉండలేకపోయాను. ముందు ఉత్తరంలో ఆమె పేరు, ఊరి జాడ రాసేశాను. దాన్నీ దీన్నీ కాల్చేసి నాకు ఫోన్ చెయ్యి.

హేమలత