మన కల్లం మచ్చు

గుంటూరు,
ఫిబ్రవరి 9

అమ్మా, నీకు నా వందనాలు.

ఫోన్లో చెబితే ప్రార్థన మొదలుపెట్టి నా నోరు మూయిస్తావు. అందుకే రాస్తున్నాను. ల్యాబ్ ఉద్యోగం మానేస్తున్నాను.

నా పని నీకు తెలుసుగా, జ్వరం, దగ్గుతో వచ్చినవాళ్ల ముక్కులో పుల్ల పెట్టి నమూనా తీసి పెద్ద ల్యాబ్‌కి పంపడం. మిర్చి యార్డులో టిక్కీ బస్తా కోసి మచ్చు చూస్తారే, అలాగే అన్ని దేశాల నమూనాలూ చూసి, వచ్చే చలికాలం ఫ్లూ టీకాలో ఏ రకం వైరస్‌లు వేయాలో ఈ నెలలోనే తేలుస్తారు. మన కల్లాల నుంచి ఒక్క మచ్చు కూడా వెళ్లలేదమ్మా! సరిగ్గా ఈ రోజుల్లోనే మిరపకాయ కల్లాలకి వస్తుంది, ఊరంతా దగ్గుతుంది. వాళ్లకీ నమూనా తీద్దామని మా డాక్టరుగారిని అడిగితే, "అది మిరప ఘాటమ్మా, దానికి కూడా పుల్లలు దండగ చేస్తావా?" అంటారు. కల్లాల్లో మీరందరిదీ అదే మాట. రోజూ ఇదే వరస. నాకు ఒళ్లు మండిపోతోంది.

కానీ అసలు తిట్టాల్సింది నన్నే. పోయినేడు నాన్న దగ్గుతూ నా దగ్గరికి వచ్చాడు. పుల్ల నా చేతిలోనే ఉంది. "ఘాటేలే నాన్నా, బెల్లం ముక్క నోట్లో వేసుకో" అని పంపేశాను. ఎనిమిదో రోజున న్యుమోనియాతో పోయాడు. ఏ వైరసో ఇప్పటికీ తెలియదు. కన్నతండ్రికే తీయనిదాన్ని, ఊళ్లో వాళ్లకి ఏం తీస్తాను?

నీ ఆరాధన

ఫిబ్రవరి 14

ఆరాధనా,

నీ ఉత్తరం ఎవరిచేతా చదివించుకోలేదు. నేనే కూడబలుక్కుని చదివాను.

ఘాటుకి దగ్గొస్తుంది గానీ ఒళ్లు కాలదు. మీ నాన్నకి అప్పటికే మూడు రోజులుగా జ్వరం. బిళ్ల వేసుకుని, ఒళ్లు చల్లబడ్డాకే నీ దగ్గరికి వచ్చాడు. "పిల్లకి చెప్పమాకే, కల్లం వదిలేసి ఆసుపత్రిలో పడుకోమంటది" అన్నాడు. నేనూ చెప్పలేదు. ఏడాదిగా ఆ మాట లోపలే పెట్టుకుని తిరుగుతున్నాను. తిట్టేదానివైతే నన్ను తిట్టు.

నిన్నటి నుంచి మా కల్లంలో నాతో కలిపి ఆరుగురికి ఒళ్లు కాలిపోతోంది. రేపు మొదటి బస్సుకి వస్తున్నాం. కల్లంలో కట్టుకునే గుడ్డలే ముక్కులకి కట్టుకుని వస్తాం. ఒక్కరినీ బిళ్ల వేసుకోనివ్వలేదు, మీ డాక్టరు చెయ్యి పెట్టి చూడాలి. మన మచ్చు ఈ ఏటి టీకాకి అందకపోతే పై ఏటికి అందుతుంది. ఈ కాగితం ఇవాళే గుంటూరు వస్తున్న మన ఊరి మౌలాబీకిచ్చి ముందుగా పంపుతున్నాను.

మానేదానివైతే ఎల్లుండి మానెయ్. రేపటికి మాత్రం ఆరు పుల్లలు తీసిపెట్టు. మొదటిది నాకు.

మీ అమ్మ,
ప్రేమమ్మ