ఏడేళ్ల హామీ

మార్చి 3

నామినేషన్ వేసొచ్చాను. బయట ఒక విలేకరి మైకు పెట్టి, పళ్లు పీకే డాక్టరుకి ఎమ్మెల్యే పదవి ఎందుకమ్మా అన్నాడు. నీళ్ల కోసం అన్నాను. ఇంకా ఏంటి అని అడిగాడు. ఇంకేం లేదు, నీళ్లే అన్నాను. పక్కనుంచి మరిది మోచేత్తో పొడిచాడు. ఇంటికొచ్చాక క్లాసు పీకాడు. ఎంత చిన్న అభ్యర్థికైనా మూడు హామీలుండాలట, రోడ్లూ ఉద్యోగాలూ కలపాలట. వాడు పెళ్లిళ్లకి షామియానాలు, సౌండు సప్లై చేస్తాడు. నా ఎలక్షన్‌ని కూడా పెళ్లిలాగే చూస్తున్నాడు. పెళ్లికూతురు ఎక్కువ మాట్లాడకూడదు, అంతే.

మార్చి 5

అసలు సంగతి ఇక్కడైనా సరిగ్గా రాసుకోవాలి. తూర్పు కాలనీ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. అక్కడి పిల్లల పళ్ల మీద గోధుమరంగు మచ్చలు, ఎంత క్లీన్ చేసినా పోవు. ఆ పిల్లలు నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. చాలాకాలం సిగ్గనుకున్నాను. కాలనీ మొదట్లో ఇస్త్రీ బండి ఆమె ఉంది. ఆమె కూతురు ఓసారి స్కూల్ ఫోటో చూపించింది. క్లాసు క్లాసంతా పెదాలు బిగించుకుని, ఎవరో తిట్టి నిలబెట్టినట్టు ఉన్నారు. ఒళ్లు మండిపోయింది.

ఫిల్టర్ ప్లాంటు కట్టి నాలుగేళ్లయింది. తాళం వేసి ఉంది. దాన్ని నడిపే కాంట్రాక్టు నాదంటే నాదని ఎమ్మెల్యే గారి మనుషులిద్దరు కొట్టుకుంటున్నారు. తాళంచెవి ఆయన దగ్గర.

ఇంకో చిక్కుంది. ఇప్పుడున్న పళ్లు మారవు. ఇవాళ్టి నుంచి చంటిపిల్లలకి మంచినీళ్లు పట్టినా, పాలపళ్లు ఊడి అసలు పళ్లు వచ్చేసరికి ఏడేళ్లు. మరిది నోరెళ్లబెట్టాడు. ఎలక్షన్లు ఐదేళ్లకోసారి వదినా, నీ హామీకి రిబ్బన్ కట్ చేసేదెవరు అన్నాడు.

మార్చి 11

ఇంటింటి ప్రచారం. ఓ పెద్దాయన నవ్వుతూ నా రెండు చేతులూ పట్టుకున్నాడు. కింద ఎడమవైపు దవడపన్ను తీయించెయ్యండి, ఆలస్యం చేస్తే చీము పడుతుంది అన్నాను. చేతులు వదిలేశాడు. ఇది నా అలవాటు. మొహాలు చూడను, నోళ్లు చూస్తాను. ఓటు అడగమంటే నోరు తెరవమంటావేంటి వదినా అని మరిది తల పట్టుకున్నాడు.

మార్చి 14

గొంతు పోయింది.

మార్చి 17

ఆటోలో మైకు నా పేరు అరుచుకుంటూ మా వీధిలోంచి వెళ్లింది. పరిగెత్తుకెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆటో తిరిగొచ్చి మళ్లీ వినబడేదాకా కదల్లేదు. నీళ్లు గుర్తు రాలేదు. గెలవాలనిపించింది, అంతే. ఇది ఎవరికీ చెప్పలేను.

మార్చి 21, మధ్యాహ్నం 2

క్లినిక్ వెనక తలుపు ఎవరో తట్టారు. తీస్తే ఎమ్మెల్యే గారు, బుగ్గకి కండువా చుట్టుకుని. ఆయన నా పాత పేషెంటే. రూట్ కెనాల్ సగంలో మానేసి పోయిన మనిషి. ఇప్పుడు బుగ్గ బంతిలా వాచింది. సాయంత్రం సభ ఉంది, మాట రావడం లేదు, ఏదో ఒకటి చెయ్యి డాక్టరమ్మా అన్నాడు.

మత్తిచ్చి, నోట్లో దూది కుక్కి పని మొదలుపెట్టాను. ఆయన చెప్పేది ఊరంతా వింటుంది, ఆయన మాత్రం ఎవరి మాటా వినడు. ఇవాళ విన్నాడు. ప్లాంటు సంగతి, ఫోటో సంగతి, ఏడేళ్ల సంగతి, అన్నీ చెప్పాను. కళ్లు మాత్రం తిప్పుతున్నాడు పాపం. టెంపరరీ ఫిల్లింగ్ పెట్టి, క్యాప్ కోసం మళ్లీ రావాలి, ఈసారి ఎగ్గొట్టకండి అన్నాను.

దూది తీయగానే బేరం పెట్టాడు. నా స్టేజీ ఎక్కి మద్దతు చెప్పు, ప్లాంటు తాళం తీయిస్తా అన్నాడు. నేను గెలుస్తానని కాదు ఆయన భయం, ఓట్లు చీలుస్తానని.

సాయంత్రం

మా ఆయనకి చెప్పాను. బట్టలు మడతపెడుతూ, నీకు కావాల్సింది అదే కదా, మరి ఏడుపెందుకు అన్నాడు. ఏడవడం లేదని అరిచాను. ఏడుస్తున్నాను.

మార్చి 22

కాలనీకి వెళ్లి ఆడవాళ్లందరి ముందూ ఉన్నదున్నట్టు చెప్పాను. వద్దంటారనుకున్నాను. మీరే గెలవాలంటారనుకున్నాను. ఇస్త్రీ బండి ఆమె చంకలో చంటివాణ్ణి సర్దుకుంటూ, ఒప్పేసుకోండి డాక్టరమ్మా, వీడికి రేపటికి నీళ్లు కావాలి కదా అంది. మిగతావాళ్లూ తలూపారు. ఒక్కరంటే ఒక్కరు అయ్యో అనలేదు.

మనసు చివుక్కుమంది. నీళ్ల కోసమే నిలబడ్డానన్నదాన్ని, నీళ్లొస్తుంటే ఎందుకు చివుక్కుమనాలి? నా మీద నాకే అసహ్యమేసింది.

ముందు తాళం, తర్వాత స్టేజీ అని ఆయనకి ఫోన్ చేసి చెప్పాను.

మార్చి 24

నీళ్లొచ్చాయి. నేనే టెస్ట్ చేశాను, బాగున్నాయి. కాంట్రాక్టర్లిద్దరికీ చెరో పూట అని పంచేశాడట. నాలుగేళ్లు తేలనిది ఒక్క ఫోన్‌తో తేలిపోయింది.

సాయంత్రం ఆయన స్టేజీ మీద చివరి కుర్చీలో కూర్చుని, రెండు ముక్కలు మాట్లాడి దిగాను. మరిది అలిగి రాలేదు. సౌండు మాత్రం వాడిదే.

ఏప్రిల్ 2

పోలింగ్. విత్‌డ్రా చేసుకునే గడువు ఎప్పుడో దాటింది కాబట్టి నా పేరు అలాగే ఉంది. నేను ఎవరికి వేశానో ఇక్కడ కూడా రాయను.

ఏప్రిల్ 5

ఆయనే గెలిచాడు. అలక సంగతి మర్చిపోయి మరిది పరిగెత్తుకొచ్చాడు. తూర్పు కాలనీ బూత్‌లో ఓట్లు దాదాపు అన్నీ నాకేనట! నీళ్లు ఆయన దగ్గర పుచ్చుకుని ఓటు నాకేశారు. ఎంత గడుసువాళ్లు. కూలబడి నవ్వాను, ఎన్నాళ్లకో. ఆ తర్వాత తట్టింది. ఆ లెక్క ఆయన కూడా చూస్తాడు. మళ్లీ తాళం వేయిస్తే?

ఏప్రిల్ 9

క్యాప్ కోసం వచ్చాడు, మొహం మాడ్చుకుని. ప్లాంటుకి తాళం వెయ్యమని పొద్దున మనిషిని పంపాడట. తాళం లేదట. గొళ్లెం లేదట. అసలు తలుపే లేదట. ఎవర్ని అడిగినా మాకేం తెలుసు అంటున్నారు, నీకేమైనా తెలుసా అన్నాడు.

నోరు బాగా తెరవండి అన్నాను.