వరంలో లేని మాట

అక్కా,

నువ్వు పోయాక మొదటిసారి, మనిద్దరం పోగేసిన మంత్రాల, రాక్షసుల ఆట కార్డుల డబ్బా తెరిచాను. ఈ రోజు కర్నూల్లో పోటీకి వెళ్ళాను.

ఆఖరి ఆటలో వేంపల్లె నుంచి వచ్చినాయన రాక్షసుడి కార్డు దించాడు. "దెబ్బకు చావడు, మంత్రానికి చావడు" అని దాని మీద రాసి ఉంది. నా చేతిలో ఉన్న కార్డులన్నీ ఒకసారి తిరగేశాను. అహోబిలం మెట్లెక్కుతూ హిరణ్యకశిపుడి గురించి నువ్వన్న మాట అప్పుడు గుర్తొచ్చింది.

"వరంలో ఏముండాదో కాదురా, ఏం లేదో సూడు."

నీ సుడిగాలి మంత్రం కార్డు వేశాను. అది ఎదుటి కార్డును చంపదు, దాన్ని దించినవాడి చేతికే తిప్పి పంపుతుంది.

"వీనిమీద మంత్రం పారదు కదప్పా!" అని ఆయన లేచి నిలబడ్డాడు.

రెఫరీ రెండు కార్డులూ చదివి నవ్వాడు. "చావడనే ఉండాది. ఎగిరిపోడని యాడుండాది?"

రాక్షసుడు అడ్డం లేని ఆ ఒక్క వంతులోనే గెలిచేశానక్కా!

ఆయన చెయ్యి కలుపుతూ, "ఈ మెలిక ఎవురు నేర్పినారప్పా?" అన్నాడు.

"మా అక్క."

"ఆయమ్మ గూడా ఆడేకి వచ్చిందా?" అని భయంగా హాలంతా చూశాడు.

నేనూ చూశాను.