దగ్గు తీసేసిన టేపు

అక్కా, చెవుల్లో హోరు తప్ప నాకేం కాలేదు, నువ్వు కంగారుపడకు.

గంట టేపును కంప్యూటర్లోకి ఎక్కించాలంటే గంటసేపూ కూర్చుని వినాల్సిందే. రోజుకి ఆరు టేపులు. ఇంటికొచ్చాక ఎవరు పలకరించినా విసుగే.

మొన్న నేతపని చేసిన ఒక ముసలావిడ తన బతుకంతా చెప్పుకున్న టేపు వచ్చింది. మాటమాటకీ దగ్గు. రెండు రోజులు కూర్చుని ఒక్కో దగ్గూ తీసేశాను. ముందు ఒక కాపీ ముట్టుకోకుండా దాచాలని కొత్తవాళ్లకి నేర్పేది నేనే. అలసటలో మరిచి, ఉన్న ఒక్క కాపీ మీదే కత్తెర వేశాను. పాత టేపేమో ఒక్కసారి తిరిగేసరికే మీది పూత పొడిగా రాలిపోయింది, ఇక పలకదు.

నిన్న ఆవిడ కూతురు వచ్చి చివరిదాకా విన్నది. "గొంతు అమ్మదేనండీ. కానీ మా అమ్మ ఇంతసేపు దగ్గకుండా ఎప్పుడు మాట్లాడింది?" అంది. తప్పు నాదేనని చెప్పాను. తిట్టినా బాగుండేది, థాంక్స్ చెప్పి వెళ్లిపోయింది.

బావ మోకాలి నొప్పి తగ్గిందా? వంటింటి కుళాయి బాగుచేయించారా? బీరువా పైఅరలో అమ్మ పాడిన క్యాసెట్ ఉంటుంది, ఎవరినీ ముట్టుకోనివ్వకు. నేనే వచ్చి ఎక్కిస్తాను. బావకి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు.

నీ చెల్లి

అంచున కాస్త చోటుంది. ఆ పాట మధ్యలో పకపకా నవ్వి పాడుచేశావని అప్పట్లో నీతో నెల్లాళ్లు మాట్లాడలేదు, గుర్తుందా? ఆ నవ్వు నేను తియ్యనక్కా.